పప్పుజాతి

తుఫాను వచ్చిపోయిన మరుసటి ఏడు, దివిసీమలో ఇక ఒక్క గేదె కూడా పస్తుండదని మంత్రిగారు బందరులో మైకు పట్టుకుని శపథం చేశారు. గడ్డీ, పప్పుజాతీ కలిపి పెంచితే పశువుకి విస్తరి భోజనమేనట. శపథం మంత్రిగారిది, చేను మాత్రం మజీదుది.

ఉప్పెనలో మజీదుకి మిగిలింది ఆ ఎకరమూ, ఒక చూడిగేదే. మేత మొదట నీ గేదెకేనని మాటిచ్చి, పశువుల శాఖ ఆఫీసరు గోవర్ధనరావుగారు చేనుని స్కీములో కలిపేసుకున్నారు. మజీదునే దానికి వాచ్‌మన్‌ని చేశారు. ఎంత దయ చూడండి.

పారాగడ్డి కణుపులు నాటాక, జీపులో పప్పుజాతి విత్తనం దిగింది. మజీదు బస్తా విప్పాడు. కందిపప్పు. పొట్టు తీసి, బద్ద చేసిన మేలురకం.

"అయ్యా, ఇది పప్పండీ."

"పప్పుజాతి అంటే మరేమనుకున్నావయ్యా?"

"బద్ద మొలవదండీ."

"ఇండెంటులో పప్పనే ఉంది. మొలవడం టెక్నికల్ మేటరు. నువ్వు చల్లు."

చల్లాడు. కాకులు మూడు రోజులు ఊరు వదల్లేదు. పక్షం గడిచినా మొలక లేదు. గేదె డొక్కలు లోపలికి పోయాయి. మజీదు తోట్లవల్లూరు వెళ్లి, బావ సర్దార్ని అడిగి పిల్లిపెసర గింజలు తెచ్చి గడ్డి సాళ్ల మధ్య చల్లాడు. పశువుల మేతకి తాతల నాటి నుంచీ వాళ్లు చల్లేది అదే. నెలన్నర తిరిగేసరికి చేనంతా పచ్చగా అల్లుకుపోయింది.

మంత్రిగారు చూడడానికి వచ్చారు.

"ఇదేనా మన పప్పు?"

"మన కందిపప్పే సార్. ఇక్కడి నీళ్లకి ఆకు కాస్త మారింది," అన్నారు గోవర్ధనరావుగారు.

"శభాష్. ఢిల్లీ టీము చూసేదాకా దీంట్లో ఒక్క పశువు నోరు పెట్టకూడదు," అని మంత్రిగారు తాలూకా అంతటికీ కందిపప్పు మంజూరు చేసి వెళ్లారు.

ఆ సాయంత్రమే మజీదు గేదెని చేలోకి వదిలాడు. "నీకేనన్నారు గదే, తిను," అన్నాడు. అది నాలుగు పరకలు నమిలిందో లేదో, జీపు వచ్చి ఆగింది.

"బందెలదొడ్డికి తోలండి," అన్నారు ఆఫీసరు గారు.

"అక్కడ మేతుండదండీ. చూడిదండీ అది. మొదట నా గేదెకేనన్నారు గదండీ."

"కాదన్నానా? మొదటి కేసు దానిదేగా."

గేదె మీద ఫిర్యాదు ఇవ్వాల్సింది వాచ్‌మన్. మజీదే వేలిముద్ర వేశాడు.

మర్నాడు గోవర్ధనరావుగారు హైదరాబాదుకి రిపోర్టు పంపారు: "పథకం వల్ల లబ్ధి పొందిన పశువులు: ఒకటి. ప్రస్తుతం ప్రభుత్వ సంరక్షణలో ఉన్నది."