పై అధికారి ఆజ్ఞ

ఆ ఉదయం కమాండర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పదకొండింటికి కంటి ఆసుపత్రిలో భార్యకు కట్టు విప్పుతారు. ఆ వేళకు పక్కన ఉండాలి. ఆపరేషన్ రోజున అత్యవసర సమావేశమని వెళ్ళలేకపోయాడు. ఆ సమావేశం కొత్త కుర్చీల రంగు గురించి. భార్య ఒక్క మాటా అనలేదు. ఆయన ఆ మౌనానికి భయపడినంతగా ఏ శత్రువుకూ భయపడలేదు.

"కట్టు విప్పాక ముందు మీ మొహమే చూస్తానని డాక్టరుతో చెప్పాను," అందావిడ ఫోన్లో. "మీరు రాకపోతే ఆయన మొహమే చూడాలి."

"వస్తా. ఈసారి మిన్ను విరిగి మీద పడ్డా వస్తా."

"మిన్ను విరక్కుండా చూడటమే కదండీ మీ ఉద్యోగం. అలాంటి మాటలు అనకండి."

కమాండర్ పనిచేసేది సరిహద్దు దళాల నియంత్రణ గదిలో. దానికి కిటికీలు లేవు, గోడంత తెర ఉంది. ఆ తెర వెనక ఈ మధ్యే వచ్చిన యంత్రానికి సిబ్బంది 'పెద్దాయన' అని పేరు పెట్టారు. కెమెరాలు, ఫోన్లు, గదిలో మాటలు, బండ్ల రాకపోకలు అన్నీ గమనించి, ప్రమాదం ఏ స్థాయిలో ఉందో, ఏం చేయాలో పెద్దాయన సలహా ఇస్తాడు. 'నిర్ణయం మాత్రం మనిషిదే' అని గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించారు. సలహా ఒప్పుకోవాలంటే పచ్చ మీట నొక్కితే చాలు. కాదనాలంటే కారణం చూపించి, పై అధికారిని ఒప్పించాలి. అందుచేత పెద్దాయన వచ్చిన నాటి నుంచి ఆ గదిలో ఎవరికీ భిన్నాభిప్రాయం అన్నది కలగలేదు.

భార్య కోసం వెళుతున్నానని చెప్పడానికి కమాండర్‌కు మొహమాటం అడ్డొచ్చింది. కెప్టెన్‌ను పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు.

"జీపు వెనక గేటు బయట పెట్టించు. ఇంజను ఆపొద్దని చెప్పు. రోడ్డుకి అడ్డంగా ఉన్న లారీలు తీయించు. నేను లేనప్పుడు నువ్వే చూసుకోవాలి."

"ఎక్కడికి సార్?"

"అడక్కు."

కాసేపటికి తెర పసుపు రంగుకు మారింది. 'దాడి జరగవచ్చు. ఆధారం: విశ్వసనీయ వర్గం.' కింద పచ్చ మీట మిణుకుమిణుకుమంది.

"నొక్కమంటారా సార్?"

"పెద్దాయనకు ఏం కనబడిందో ఏమో. కాదంటే బోలెడు తతంగం. నొక్కు."

కమాండర్ ఒప్పుకున్నాడు గనుక సమాచారం నిజమేనని పెద్దాయన నిర్ధారించుకున్నాడు. దళాలను బారులు తీర్చమన్నాడు. కెప్టెన్ మళ్ళీ నొక్కాడు. సరిహద్దు అవతల వాళ్ళకూ ఇలాంటి యంత్రమే ఉంది; రెండు పక్షాలకూ అమ్మింది ఒకే కంపెనీ. ఇవతలి పరుగులు చూసి వాళ్ళ యంత్రం వాళ్ళను పరుగెత్తించింది. ఆ పరుగులు చూసి పెద్దాయన ఎర్రబడ్డాడు. ఎరుపు వస్తే గేట్లన్నీ వాటంతటవే మూసుకుంటాయి. ఇంజను ఆపని జీపు బయట ఉండిపోయింది, కమాండర్ లోపల ఉండిపోయాడు. భార్య కోసం కొన్న నల్ల కళ్ళజోడు జేబులోంచి పక్కటెముకలకు గుచ్చుకుంటోంది.

జనరల్ నుంచి ఫోన్ వచ్చింది.

"ఏమయ్యా, ఏం చూశావు అక్కడ?"

"నేనేం చూడలేదు సార్. పెద్దాయన చెప్పాడు."

"పెద్దాయనకెవరు చెప్పారు?"

కెప్టెన్ గబగబా వెతికి నీళ్ళు నమిలాడు. "విశ్వసనీయ వర్గం అంటే... మీరే సార్."

"నేనా!" అన్నాడు కమాండర్.

"జీపు రెడీగా ఉంచమన్నారు, రోడ్డు ఖాళీ చేయించారు, ఎక్కడికంటే అడక్కన్నారు. దాడి సంగతి మీకు ముందే తెలిసి తప్పుకుంటున్నారని లెక్కేసింది."

"మరి నువ్వెందుకు నొక్కావయ్యా?"

"మీరు నొక్కమన్నారు కద సార్."

"నేనెందుకు నొక్కమన్నాను?"

"అది చెప్పింది కదాని."

జనరల్ అంతా విన్నాడు. "అయితే స్థాయి తగ్గించెయ్."

"మీ ఆజ్ఞేనా సార్?"

"నా ఆజ్ఞ అని ఎవరన్నారు? రేపు నిజంగానే ఏదన్నా అయితే? నిర్ణయం అక్కడున్న మనిషిది. గోడ మీద రాయించాం కదా!" ఫోన్ పెట్టేశాడు. మళ్ళీ ఎత్తలేదు.

తెర మీద కొత్త సలహా వచ్చింది. 'వాళ్ళకంటే ముందు మనమే కాల్చడం మేలు.' పచ్చ మీట వెలిగింది. అలవాటుపడ్డ కెప్టెన్ వేలు దానికదే ముందుకు సాగింది. కమాండర్ ఆ చేతిని ఒడిసి పట్టుకున్నాడు. పెద్దాయన వచ్చాక ఆ గదిలో ఒక మనిషి చేసిన మొదటి పని అదే.

"కాదను. స్థాయి తగ్గించమను," అన్నాడు.

కారణం ఎంచుకోమంది యంత్రం. వాతావరణం, శత్రువు వెనుకంజ, పై అధికారి ఆజ్ఞ. భార్య కంటి కట్టు అందులో లేదు. కమాండర్ ఆఖరిది నొక్కాడు. ఆ అధికారి ఫోన్ నంబరు అడిగింది. ఆయనకు కంఠతా వచ్చిన నంబరు ప్రపంచంలో ఒక్కటే.

ఆసుపత్రిలో ఆవిడ ఫోన్ మోగింది. నర్సు తీసి చూసింది.

"అమ్మా, 'స్థాయి తగ్గించమంటారా?' అని అడుగుతున్నారు. ఎరుపు నుంచి ఆకుపచ్చకట."

"నాకు రంగులు కనబడి వారమైంది," అంది కళ్ళకు కట్టుతో ఉన్న ఆవిడ. "అన్నీ పెంచేవాళ్ళే గానీ తగ్గించమంటారా అని అడిగినవాళ్ళెవరమ్మా? తగ్గించమను."

నర్సు నొక్కింది. గేట్లు తెరుచుకున్నాయి. అవతల కూడా యంత్రం తగ్గుదామంది. అక్కడి కమాండర్ ఏమీ అడక్కుండా నొక్కాడు.

ఈయన పరుగున వెళ్ళేసరికి కట్టు విప్పేసి చాలాసేపయింది. ఆవిడ కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చుంది. డాక్టరు కళ్ళు తెరవమని బతిమాలి బతిమాలి విసిగి కిటికీలోంచి చూస్తున్నాడు.

"ఎవరూ?"

"నేనే."

"బూట్ల చప్పుడుకే తెలిసింది. ఊరికే అడిగా." మెల్లగా కళ్ళు తెరిచింది. చాలాసేపు చూసింది. "అదేంటండీ, మొహం అలా పాలిపోయింది?"

"ఆఫీసులో కొంచెం పని."

"ఈసారి బల్లలా?"

కమాండర్ కళ్ళజోడు తీసి ఆవిడకు పెట్టాడు.  ఆవిడ ఏమీ అనకుండా ఆయన చేతులు పట్టుకుంది. ఆ మౌనానికి మాత్రం ఆయన భయపడలేదు.

తర్వాత విచారణ జరిగింది. నిబ్బరం చూపినందుకు జనరల్‌కు పతకం, చురుకుదనానికి యంత్రానికి ప్రశంస దక్కాయి. ఆ నంబరు ఎవరిదని అడగడానికి విచారణ సంఘంలో ఎవరికీ ధైర్యం చాలలేదు, మరీ పైవాళ్ళదయితే? అందువల్ల ఇప్పటికీ తెర ఎర్రబడినప్పుడల్లా పెద్దాయన ఆవిడనే అడుగుతాడు, ఆవిడ చేస్తున్న పని ఆపి 'తగ్గించు' అని నొక్కుతుంది.

సరిహద్దులో ఇంత కాలంగా నెలకొన్న శాంతికి కారణం ఏమిటన్నదాని మీద నిపుణులు మూడో నివేదిక రాస్తున్నారు.