మర కోడలికి మూడు ముళ్లు

ఆ ఆదివారానికి సౌభాగ్య వేసుకున్న పథకంలో తప్పేముందో ఆమెకు ఇప్పటికీ అర్థం కాదు. పొద్దున టీవీ వాళ్లు వచ్చి ఇంట్లో షూటింగ్ చేసుకుంటారు. మధ్యాహ్నానికి వాళ్లు పోతే ఇల్లు కడిగించాలి. సాయంత్రం అబిడ్స్ నుంచి పిల్ల తరఫువాళ్లు వస్తే కొడుకు శశికిరణ్ సంబంధం ఖాయం చేసుకోవాలి. ఈ సందట్లో తాను కూడా ఒకసారి టీవీలో కనబడాలి. ఎవరి సొమ్మూ అడగలేదు, ఎవరి జోలికీ పోలేదు.

పిల్ల పేరు హాసిని. శశికి ఆ పిల్ల నచ్చింది, ఆ పిల్లకు శశి నచ్చాడు. మెలిక అంతా కాపురం ఎక్కడన్న దగ్గరే వచ్చింది. హాసిని ఉద్యోగం గచ్చిబౌలిలో. అక్కడే ఒక ఫ్లాట్ కిరాయికి తీసుకుంటామని మెల్లగా చెప్పి చూసింది. సౌభాగ్య అగ్గి మీద గుగ్గిలమయింది. అత్తగారి కింద ఆమె ఏళ్లకేళ్లు నలిగింది. పప్పులో ఉప్పెక్కువైందని, తలుపు గట్టిగా వేసిందని, నవ్విందని, నవ్వలేదని మాటలు పడింది. తీరా తాను అత్తయ్యే వేళకు కోడలు గచ్చిబౌలిలో కూర్చుంటే ఇదెక్కడి న్యాయం?

"నా కోడలు నాంపల్లిల, నా ఇంట్లనే ఉండాలె. గిదొక్కటే నా షరతు. మెట్రో మా ముంగట్నే ఉన్నది, ఎక్కిపొమ్మను" అని హాసిని నాయనమ్మ కోటేశ్వరమ్మకు కబురంపింది. చూద్దాం, కూర్చుని మాట్లాడుకుందాం అని ఆవిడ జవాబు పంపింది. ఆ కూర్చునేది ఈ సాయంత్రమే.

ఇక సీరియల్ సంగతి. పేరు 'మర కోడలు'. కథ రెండువేల తొంభైలో జరుగుతుంది. ఉమ్మడి కుటుంబంలోకి రావడానికి ఒక్క పిల్లా ఒప్పుకోకపోతే, ఆ ఇంటివాళ్లు కంపెనీకి చెప్పి ఒక యంత్రాన్ని కోడలుగా తెచ్చుకుంటారు. మొదటి భాగం మొత్తం పెళ్లే. డైరెక్టర్ శ్రావణ్ ఈ కథ చెప్పినప్పుడు సౌభాగ్యకు ఆ ఇంటి అత్త మీద జాలి ముంచుకొచ్చింది. పెళ్లిలో అత్త పక్కన నిలబడి కళ్లొత్తుకునే చుట్టం వేషం తనకిస్తానంటే ఇల్లు ఉత్తపుణ్యానికే ఇచ్చేసింది.

పొద్దున్నే దిగిన టీవీ వాళ్లు గోడలకు తళతళలాడే కాగితాలు అంటించారు. వాకిట్లో నీలం లైట్లు పెట్టారు. అంతవరకు సౌభాగ్య ఓర్చుకుంది. వంటింట్లోకి వెళ్లి చూస్తే ఆవకాయ జాడీలు కనబడలేదు. బయటికి వస్తే అవే జాడీలు వెండి రంగు పూసుకుని, వైర్లు తగిలించుకుని నిలబడి ఉన్నాయి.

"ఏంది బాబు గిది? ఎవల్నడిగి రంగేసిన్రు?"

"అవి రియాక్టర్లు ఆంటీ. ఊరంతటికీ కరెంటు వాటి నుంచే వస్తుంది."

"మా ఆవకాయల నుంచా?"

శ్రావణ్ అప్పటికే ఇంకెవరి మీదో అరుస్తున్నాడు. ఆవకాయ సంగతి అటుంచి, ఆ పిల్లవాడు తనను ఆంటీ అనడం ఆమెకు ఇంకా మండింది.

అంతలో హీరో రాలేదన్న కబురు వచ్చింది. హీరో భానుతేజ, పురోహితుడి వేషం వేసే ఆయన ఒకే కారులో బయలుదేరి అబిడ్స్‌లో ఆదివారం పుస్తకాల బజారు జనంలో ఇరుక్కున్నారట. సెల్ఫీల కోసం వచ్చినవాళ్లు కారును కదలనివ్వడం లేదట. హీరోయిన్‌ను యంత్రంలా తయారుచేయడానికి ఇంకా సగం రోజు పడుతుందట. దూరం నుంచి తీసే షాట్ల కోసం ఆమెకు బదులు అబిడ్స్‌లోని చీరల దుకాణం నుంచి ఒక బొమ్మను కిరాయికి తెచ్చారు. అద్దాల బీరువాలో పట్టుచీర కట్టుకుని నిలబడే బొమ్మ అది. నెత్తిన లైట్ల కిరీటం పెట్టి పీటల మీద కూర్చోబెట్టారు.

"మొహం కనబడదు, వెనక నుంచి తీస్తాం. హీరో ఎత్తున ఒక మనిషి కావాలి" అంటూ శ్రావణ్ చూపు శశికిరణ్ మీద పడింది.

బస్సులో ఎవరైనా జరగమంటే ఏకంగా దిగిపోయే రకం శశి. కాదనడం వాడికి చేతకాదు. నుదుట బాసికం కట్టించుకుని బొమ్మ పక్కన కూర్చున్నాడు.

"మరి పంతులు?" అన్నాడు శ్రావణ్ తల పట్టుకుని.

"దొంగ పంతులెందుకు, మా అయ్యగారున్నరు కదా! ఇట్ల పిలిస్తే అట్ల వస్తరు" అంది సౌభాగ్య. ఈ ముక్క ఆమే అందని గుర్తుంచుకోవాలి, తరువాత ఆమె ఒప్పుకోలేదు.

అయ్యగారు ఈ ఇంటికీ, అబిడ్స్‌లో కోటేశ్వరమ్మ ఇంటికీ కూడా పురోహితుడు. సీరియల్ అంటే ఏమిటో ఆయనకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. ఏం చేయాలని అడిగితే శ్రావణ్ పెళ్లి చేయాలన్నాడు. ఆయన కాళ్లు కడుక్కుని మొదలుపెట్టాడు. మొదలుపెడితే మంత్రం మింగడం, మధ్యలో లేవడం ఆయన వంశంలోనే లేదు.

"వరుడి గోత్రం?"

శశి బిక్కమొహం వేశాడు. కెమెరా తనవైపు తిరిగినట్టు సౌభాగ్యకు అనిపించింది. ఇంతకన్నా మంచి అదను మళ్లీ దొరుకుతుందా? గొంతు సవరించుకుని గోత్రం, శశి పేరు, వాడి తండ్రి పేరు, తాత పేరు, ముత్తాత పేరు గుక్క తిప్పుకోకుండా వాకిలి దద్దరిల్లేలా చెప్పేసింది.

"సూపర్ ఆంటీ!" అన్నాడు శ్రావణ్.

"వధువు గోత్రం?"

"ఆమెది కంపెనీ తయారీ అండీ."

"గోత్రం తెలియనోళ్లకు కాశ్యప గోత్రం చెప్తం" అని అయ్యగారు ముందుకు సాగిపోయాడు. జీలకర్ర బెల్లం అయింది. పసుపుతాడు మూడు ముళ్లూ పడ్డాయి. తలంబ్రాల వేళ బొమ్మ చేతులెత్తలేకపోతే సౌభాగ్యే దాని చేతులు పట్టుకుని పోయించింది. అప్పుడు ఆమెకు నిజంగానే కన్నీళ్లు వచ్చాయి. శ్రావణ్ కట్ చెప్పాడు, అందరూ చప్పట్లు కొట్టారు.

సాయంత్రం కోసం పండ్లూ పూలూ తేవడానికి వెళ్లిన సౌభాగ్య భర్త ప్రహ్లాద్ సరిగ్గా అప్పుడే ఇల్లు చేరాడు.

"శుభం ప్రహ్లాదూ! కొడుకు పెండ్లి సల్లగ అయిపోయింది" అన్నాడు అయ్యగారు.

"ఎవల కొడుకు?"

"నీ కొడుకే."

సౌభాగ్య పకపకా నవ్వింది. "అది ఉత్త సీరియల్ అయ్యగారూ. మీరు పొద్దుమూకి ఖాయం ముచ్చటకు రాండ్రి."

అయ్యగారి మొహం ఎర్రబడింది. "ఏం మాట్లాడుతున్నవమ్మా? పొద్దున పెండ్లి చేసిన పిల్లగానికి పొద్దుమూకి ఇంకో సంబంధం ఖాయం చేస్తనా? పదారు రోజుల పండుగన్న కాలే!"

"అయ్యో, అది బొమ్మ!"

"మంత్రం చదివి ప్రతిష్ఠ చేసినంక గుళ్ల దేవుణ్ని రాయి అంటవా? నేను చదివింది అబద్ధమా? మీ పెండ్లి చేసింది మా నాయన. ఆయన మంత్రం గూడ అబద్ధమేనా?"

ప్రహ్లాద్ ముఖంలో ఒక్క క్షణం ఆశలాంటిది మెరిసింది. సౌభాగ్య చూసిన చూపుకు అది ఆరిపోయింది.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఈ తాడు తీసి అవతల పారేస్తే పీడ పోతుందని బొమ్మ మెడలో చెయ్యి పెట్టింది.

"చెయ్యి తియ్యి!" అయ్యగారు ఉరిమినట్టే అరిచాడు. "మొగడు సల్లగుండంగ తాళి తీస్తవా? మొగడెవడో జర యాది జేసుకో!"

మొగుడు ఆ పక్కనే, బాసికం కూడా విప్పకుండా అరటిపండు తింటున్నాడు. సౌభాగ్య చెయ్యి దానంతట అదే వెనక్కి వచ్చింది. ఆమె పిచ్చిది కాదు. అది లోపల డొల్లగా ఉన్న దుకాణం బొమ్మని ఆమెకు తెలుసు. తెలిస్తే మాత్రం కన్నకొడుకు విషయంలో ఏ తల్లి పందెం కాస్తుంది?

అయ్యగారు సంచి చంకన పెట్టుకుని అబిడ్స్ దారి పట్టాడు. సాయంత్రం తంతు జరగదని ఆ ఇంటివాళ్లకూ చెప్పాలి కదా. ఇంటిని ఇలా చేసినవాడి గల్లా పట్టుకుందామని సౌభాగ్య వెనక్కి తిరిగేసరికి శ్రావణ్ ప్యాకప్ చెప్పేసి సందు దాటాడు. రియాక్టర్లు మాత్రం వదిలిపోయాడు.

ఆ తరువాత చీరల దుకాణం జితేందర్ బొమ్మ కోసం ఆటోతో వచ్చాడు. బొమ్మ మెడలో తాడు, తలలో జీలకర్ర బెల్లం, అక్షింతలు చూసి అక్కడే ఆగిపోయాడు.

"నాకొద్దమ్మా" అన్నాడు.

"ఎందుకొద్దు? నీ బొమ్మే కదా?"

"నా దుకాణంల రోజుకొక చీర మార్చాలె. నడి బజార్ల, అద్దం ఎనక, అంత జనం జూస్తుండంగ పెండ్లైన ఆడమనిషికి చీర మారుస్తమా? మేం మర్యాదస్తులం" అని చీర కూడా అడక్కుండా ఖాళీ ఆటోలో వెళ్లిపోయాడు.

ఇంత జరిగినా సౌభాగ్యను పట్టుకుని ఊరడించినవారు లేరు. డైరెక్టర్‌ను తిట్టింది, అయ్యగారిని తిట్టింది, ఇంట్లో ఉండకుండా పండ్లకు పోయినందుకు మొగుణ్ని తిట్టింది. "గోత్రం ఎవలు చెప్పిన్రు?" అని ప్రహ్లాద్ ఒకే ఒక్క మాట అడిగాడు. ఇంటికి పెద్ద అయుండి ఇలాంటప్పుడు అడగవలసిన మాటేనా అది?

అనుకున్న వేళ కాకముందే గుమ్మం ముందు ఆటో ఆగింది. కోటేశ్వరమ్మ దిగింది. వెనక హాసిని, హాసిని వెనక అయ్యగారు. చేతుల్లో పండ్లు లేవు, పూలు లేవు. కోటేశ్వరమ్మ నేరుగా హాల్లోకి నడిచి, పీటల మీద నుంచి సోఫాలోకి మారి లైట్ల కిరీటంతో కూర్చున్న బొమ్మను కిందినుంచి మీదికి చూసింది.

"గిదేనా?"

"పెద్దమ్మా, జర కూసోండ్రి, చెప్త..."

"పొద్దున ఒకదాన్ని, పొద్దుమూకి ఒకదాన్నా? మా పిల్లేమన్న ఏరుకుంటే దొరికిందా? సవతి మీదికి పంపుతమా?"

"సవతేంది పెద్దమ్మా! కొట్టి చూడుండ్రి, లోపల అంత ఖాళీ!"

"గట్లయితే తాళి తీసెయ్యి."

"తియ్య."

"ఎందుకు?"

"నా కొడుకు నూరేండ్లు బతకాలె."

"అంటే పెండ్లి అయినట్టే కదనే!"

సౌభాగ్య ఇంటికి వచ్చి, ఆమె సోఫా ముందు నిలబడి, ఆమెనే దబాయిస్తున్నారు. కోపం గొంతు దాకా వచ్చింది కానీ ఎవరి మీద పడాలో తెలియక అక్కడే తిరుగుతోంది. అటు శశి కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. ఎన్నడూ ఏదీ కావాలని అడగని పిల్లవాడు, అడిగింది ఈ ఒక్క సంబంధమే. అది తల్లి చేతులారా పోతోంది.

"పోదాం పా బిడ్డా" అంది కోటేశ్వరమ్మ.

హాసిని కదలలేదు. ఇంతసేపూ ఆ పిల్ల బొమ్మ పక్కన కూర్చుని దాని చీర కుచ్చిళ్లు సరిచేస్తోంది.

"అయ్యగారూ, శాస్త్రంల రెండో పెండ్లి లేనే లేదా?" అని అడిగింది.

"పెద్ద భార్య ఒప్పుకుంటే ఉన్నది."

"అయితే అడుగుండ్రి."

అందరూ బొమ్మ వైపు తిరిగారు. అయ్యగారు కండువా సర్దుకుని, బొమ్మకు ఎదురుగా నిలబడి, నీకేమైనా అభ్యంతరముందా తల్లీ అని ముమ్మారు అడిగాడు. కిరీటంలో లైట్లు వెలిగి ఆరాయి. అంతకు మించి ఏమీ జరగలేదు.

"ఆక్షేపణ లేదు" అని తేల్చాడు అయ్యగారు.

సౌభాగ్యకు పోయిన ప్రాణం లేచొచ్చింది. హాసిని చేతులు రెండూ పట్టుకుంది. "నా బంగారు తల్లీ! నా ఇల్లు నిలబెట్టినవ్! నువ్వేమడిగితే అది ఇస్త!"

"నేనేం అడుగుత అత్తమ్మా" అంది హాసిని. అంతవరకు ఆంటీ అన్న పిల్ల అత్తమ్మా అనేసరికి సౌభాగ్య కరిగిపోయింది. "మీ షరతొక్కటే ఉండె కదా. ఏంది అది?"

"కోడలు నా ఇంట్లనే ఉండాలె."

"ఉన్నది కదా" అని హాసిని సోఫా వైపు చూపించింది. "పెద్ద కోడలు మీ ఇంట్ల, మీ కండ్ల ముంగటనే ఉంటది. ఇగ చిన్న కోడలు ఏడున్నా ఫికరేముంది? మేం గచ్చిబౌలిల ఉంటం. ఆదివారం ఆదివారం అక్కను చూడనీకి వస్తం."

సౌభాగ్య అయ్యగారి వైపు చూసింది.

"ధర్మమే" అన్నాడు ఆయన.

కోటేశ్వరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ప్రహ్లాద్ పండ్ల బుట్ట తేవడానికని లోపలికి వెళ్లి చాలాసేపు బయటికి రాలేదు. శశి మాత్రం, ఎవరూ అడగకుండానే, పుట్టిన తరువాత మొదటిసారి, "ఔ, నాకిష్టమే" అన్నాడు.

అది కోడలు కాదు, బొమ్మ అని అరవడానికి సౌభాగ్య నోరు తెరిచింది. అరిస్తే తాళి తీయాలి. కొడుకు వైపు చూసి నోరు మూసుకుంది. ఇంత అన్యాయం ఏ సీరియల్లోనూ చూడలేదు ఆమె.

పెళ్లయింది. చిన్న కోడలు గచ్చిబౌలికి వెళ్లింది. ఒక సాయంత్రం 'మర కోడలు' మొదటి భాగం వచ్చింది. సౌభాగ్య టీవీ ముందు పట్టుచీర కట్టుకుని కూర్చుంది. గోత్రం చెప్పినదంతా కోసేశారు. కన్నీళ్లు కోసేశారు. ఆమె భాగానికి మిగిలింది ఒక మోచెయ్యి. ఆవకాయ జాడీలు మాత్రం మొదటి నుంచి చివరిదాకా నిండుగా కనబడ్డాయి. ఆమె పక్కకు తిరిగి డైరెక్టర్‌నూ, అయ్యగారినీ, జితేందర్‌నూ, గచ్చిబౌలినీ, ఎంగేజ్‌మెంట్ నాటి నుంచి ముసిముసిగా నవ్వుతున్న మొగుణ్నీ కలిపి కడుపారా తిట్టింది.

పెద్ద కోడలు ఒక్క మాటా ఎదురు చెప్పలేదు, సౌభాగ్యకు ఇంకా మండింది.