నిరంజన్ కూలర్ బోను

నిరంజన్ ఆ పొద్దున ఒక పిల్లిని పట్టి, టిఫిను చేసి, పదింటికల్లా దాన్ని పశువుల దవాఖానలో అప్పజెప్పి రావాలనుకున్నాడు. పాలకుర్తిలో ముప్పై ఏళ్లు లైన్‌మన్‌గా కరెంటు స్తంభాలెక్కిన మనిషికి పిల్లి ఒక లెక్కా? పైగా మాట ఇచ్చి ఉన్నాడు. ఎదురింటి ఎల్లక్క కోడిపిల్లల్ని ఒక బూడిదరంగు దొంగపిల్లి వరసపెట్టి మాయం చేస్తోంది. ఆమె ఓపిక పట్టి పట్టి, చివరికి పొలానికి వాడే గుళికల మందు తెచ్చి గోడగూట్లో పెట్టుకుంది.

"ఇయ్యాల్టి దాంక ఆగుత తమ్మీ. పొద్దుగూకే వరకు నీ బోన్ల పడకుంటె చేప ముక్కల మందు కలిపి పెడ్త. మల్ల నన్ననొద్దు."

"దెబ్బ తగలకుండ పడ్తనక్కా. పిల్లలు కాకుండ డాక్టరు ఆపరేషన్ చేస్తడు. తీస్కపోయి రైస్ మిల్లు కాడ ఇడుస్త, ఎలుకలు తిని బతుకుతది. నీ కోళ్లు నా జిమ్మేదారి," అన్నాడు నిరంజన్.

బోను చూస్తే ఎవరైనా మెచ్చుకోవలసిందే. పాత ఎయిర్ కూలర్ డబ్బాలోంచి ఫ్యానూ మోటారూ పీకేసి, ముందువైపు పైకీ కిందికీ జారే రేకు తలుపు బిగించాడు. లోపల చివర ఒక చెక్క. పిల్లి దానిమీద కాలు పెడితే తాడు జారి తలుపు పడుతుంది. తోక నలగకుండా తలుపు అంచుకు సైకిల్ ట్యూబు కూడా అతికించాడు. రెండు కిలోల కందిపప్పు సంచితో ఇరవైసార్లు పరీక్షిస్తే ఇరవైసార్లూ తలుపు పడింది. అంతా అయ్యాక, గట్టి చెక్క మీద దాని కాళ్లు నొస్తాయేమోనని జాలిపడి, ఒక పాత బొంత మడిచి పరిచాడు.

"నాకు ఒక్కనాడన్న గిట్ల పక్కేసినవా?" అంది భార్య కౌసల్య.

ఇంటి పక్క సందులో, మూతి గోడవైపు ఉండేలా బోను పెట్టి లోపల ఎండుచేపలు వేశాడు. పిల్లి బెదురుతుందని అటువైపు ఎవరినీ పోనివ్వలేదు. ఎల్లక్క కూడా తన వంతు సాయంగా, పిల్లి తన అటక మీదే మకాం పెట్టిందన్న అనుమానంతో, చీపురు పట్టుకుని అక్కడి గంపలన్నీ దించడం మొదలుపెట్టింది.

సరిగ్గా అప్పుడే లింగ్యా ఆటో ఐదుగురితో జఫర్‌గఢ్‌కు కదిలింది. ఎల్లక్క ఇంట్లోంచి పిల్లి దూకి, నోట ఏదో కరుచుకుని, ఆటో ముందునుంచి నిరంజన్ సందులోకి దూరింది.

"ఆపు లింగ్యా! పిల్లి అడ్డమొచ్చింది!"

ఇంకేముంది, అందరూ దిగి నిరంజన్ అరుగు మీద కూర్చున్నారు. కౌసల్య నీళ్లిచ్చింది. తాగి, కాసేపు ఆగి, ఆటో ఎక్కబోతుండగా పిల్లి ఇటునుంచి అటు పోయింది. మళ్లీ దిగారు. మళ్లీ నీళ్లు. మూడోసారి కూడా దాని నోట్లో ఏదో ఉంది.

"ఎలుకను పట్టినట్టుంది," అన్నారొకరు.

పనులమీద బయల్దేరిన గల్లీవాళ్లు కూడా ఒక్కొక్కరే వచ్చి అరుగెక్కారు. నిరంజన్ మాత్రం తలుపు పడే చప్పుడు కోసం చెవి అటే పెట్టి నిలబడ్డాడు. అది ఎంతకీ వినిపించలేదు.

"అన్నా, నీ బోన్ల పిల్లి పడ్డదో లేదో గని, మేం పద్నాలుగు మందిమి పడ్డం," అన్నాడు లింగ్యా.

ఆ మాటకు నిరంజన్ ప్రాణం చివుక్కుమంది. అంతలో అటుగా పోతున్న పాలవాడు, ఇంటిముందు జనం దిగాలుగా కూర్చుని నీళ్లు తాగుతుండటం చూసి, అయ్యో నిరంజనన్న పోయినట్టున్నాడని నలుగురికీ చెప్పుకుంటూ పోయాడు. గంట తిరిగేలోపు జఫర్‌గఢ్ నుంచి బావమరిది తుల్సీరాం పూలదండతో దిగాడు. "బావా!" అని గావుకేక పెట్టబోయి, ఎదురుగా నీళ్ల చెంబుతో నిలబడ్డ బావను చూసి దండను వీపు వెనక్కి దాచుకున్నాడు. అతని వెనకే, అదే కబురు విని పశువుల డాక్టర్ కైసర్ కూడా వచ్చాడు.

ఈ గోలకు ఎల్లక్క సహనం చచ్చిపోయింది. మందు కలిపిన చేప ముక్క ఆకులో పెట్టుకుని గల్లీ దాటింది.

"పొద్దుగూకేదాంక ఆగుడు లేదు, ఏం లేదు. జరుగు తమ్మీ!"

"అక్కా, నీకు దండం పెడ్త. సాయంత్రం దాంక టైమిచ్చినవ్," అంటూ నిరంజన్ సందుకు అడ్డం నిలబడ్డాడు. తన బోను ఓడిపోయినందుకు ఆ పిల్లి ప్రాణం పోతుందే అని అతని బాధ. ఎల్లక్క అతన్ని పక్కకు నెట్టి బోను ముందు వంగింది. వంగినది వంగినట్టే ఉండిపోయింది.

బొంత మీద పిల్లి ఒత్తిగిలి పడుకుంది. పొట్ట దగ్గర నాలుగు కూనలు పాలు తాగుతున్నాయి. అటక మీద గంపలు కదలగానే అది పిల్లల్ని ఒక్కొక్కటిగా తెచ్చుకుందన్నమాట. ఎండుచేపలు ఖాళీ. తలుపు మాత్రం పైనే ఉంది. బొంత మడత చెక్క కింద ఇరుక్కుపోయిందని నిరంజన్‌కు చూడగానే అర్థమైంది.

ఎల్లక్క చేతిలోని ఆకును గబుక్కున చుట్టేసింది.

"బాలింతరాలు గదా! ముందుగాల చెప్పవేంది తమ్మీ? ఈ మందు ముక్కను గుంత తీసి పూడ్చొస్త. కోడిపిల్లల్ని గంప కింద ఏసుకుంట తియ్. కౌసల్యా, జర పాలు తే. ఓ లింగ్యా, గా లొల్లి బంద్ చెయ్, పిల్లలు జడుసుకుంటయ్!"

డాక్టర్ కైసర్ మోకాళ్ల మీద కూర్చుని బోనంతా పరీక్షగా చూశాడు.

"రెండు నెలల దాంక ఆపరేషన్ వద్దన్నా, పాలు మర్చినంక చేద్దాం. గని, దొంగపిల్లి తనంత తానే పిల్లల్ని తెచ్చి పెట్టుకున్న బోను నేనేడ చూడలే. మా దవాఖానకు గిసొంటివి నాలుగు చేసియ్యాలె."

జనం ఒక్కసారి చప్పట్లు కొట్టారు. చేతిలో దండ ఏం చెయ్యాలో తోచక తుల్సీరాం దాన్ని బావ మెడలో వేశాడు. కౌసల్య చూపు తిప్పకుండా భర్తనే చూస్తోంది. ముప్పై ఏళ్ల సర్వీసులో నిరంజన్ ఛాతీ ఎన్నడూ అంత పొంగలేదు.

తలుపు పడుతుందా అని ఎవరూ అడగలేదు, నిరంజన్ కూడా ఆ సంగతి ఎత్తలేదు.