నలభై సర్టిఫికెట్లు, ఒక బాయిలర్

"నేరస్తుడు గాలి పీల్చినా సరే, నా ముక్కు పసిగట్టేస్తుంది!" అని ప్రకటించాడు అద్దకం మిల్లు స్టోర్స్ గుమాస్తా. మిల్లులో అందరూ అతణ్ణి భూతద్దం అంటారు. కళ్లజోడు నెత్తిన పెట్టుకుని టేబులు కింద వెతుక్కునే మనిషి, అది వేరే సంగతి.

మేనేజరుకు ఒళ్లు మండింది. "నీ ముక్కు సంగతి తరవాత! బాయిలర్ ఆగిపోయింది. గంటలో ఆవిరి రాకపోతే తొట్లలో బట్టంతా పాడవుతుంది, నా ఉద్యోగం ఊడుతుంది. పెద్దమేస్త్రి రిటైరయ్యేముందు తన పనంతా పన్నెండు వీడియో పాఠాలు చేసిపోయాడు. నలభై మంది కంప్యూటర్లో చూసి, పరీక్ష రాసి, నూటికి నూరుతో సర్టిఫికెట్లు తెచ్చుకున్నారు. ఒక్కడికీ బాయిలర్ వెలిగించడం రాదేమిటయ్యా?"

"కుట్ర సార్! నలభై బుర్రల్లోంచి విద్య కాజేశారు!"

భూతద్దం రికార్డులు తిరగేశాడు. నెల రోజులుగా అన్ని పాఠాలూ ఒకే కంప్యూటర్లో, పొద్దున్న ఏడింటికే తెరిచారు.

"ఆ వేళప్పుడు ఆఫీసులో ఎవరుంటారు?"

"ఊడ్చే అక్క తప్ప ఎవరూ ఉండరు."

"అంటే ఎవరూ లేరన్నమాట. కనిపించని గూఢచారి!"

గూఢచారిని పట్టుకోవడానికి పిల్లిలా బాయిలర్ గదిలో దూరాడు. అప్పుడే తుడిచిన నేలమీద జర్రున జారి, ఆసరాకని ఒక మీట పట్టుకున్నాడు. మేనేజరు పరుగున వచ్చేసరికి, తుడుపుకర్ర పారేసి ఊడ్చే అక్క అడ్డుపడింది.

"అది లాగకండి బాబూ! ముందు నీళ్ల మట్టం చూడాలి. మూడో పాఠంలోనే చెప్పాడుగా పెద్దాయన!"

గాజుగొట్టంలో మట్టం చూసింది, నీళ్లు వదిలింది, మంట రాజేసింది. కాసేపటికి ఆవిరి అందుకుంది.

మేనేజరు నోరెళ్లబెట్టాడు. "నీకెలా తెలుసమ్మా?"

అక్క చేతులు జోడించింది. "ఒక్కొక్కరే వచ్చి 'అక్కా, నా పాఠాలు కాస్త నొక్కిపెట్టు' అని పాస్‌వర్డు చీటీలిచ్చారు సార్. పరీక్షా నేనే రాశాను. నలభైసార్లు విన్నాక రాకేం చేస్తుంది? నన్ను పనిలోంచి తీసెయ్యకండి."

"దొంగ దొరికింది!" అని నేలమీద నుంచే కేకేశాడు భూతద్దం. "పోయిన విద్యంతా ఈవిడ దగ్గరే ఉంది!"

అక్క కొంగుముడి విప్పి చీటీల కట్ట తీసింది. "పైనున్నది ఈ బాబుదే సార్. పాస్‌వర్డు 'మహామేధావి'."

"అడుగునున్నది ఎవరిది?" అన్నాడు మేనేజరు.

"మీదే సార్."

మేనేజరు గొంతు సవరించుకున్నాడు. "సరే, రేపట్నుంచి బాయిలర్ నువ్వే చూసుకో. ఆపరేటర్ జీతమే ఇప్పిస్తాను. నీ సర్టిఫికెట్ తెచ్చివ్వు."

"నాకు లేదు సార్. ఊడ్చేవాళ్లకు పాస్‌వర్డు ఇవ్వలేదుగా."