వినాయకుడికి వ్యాను, పైలట్‌కి పల్లెవెలుగు

విమానాలు నడిపేవాళ్ళకి ఇంటి నుంచి ఎయిర్‌పోర్టు దాకా దారి ఖర్చులు ఇవ్వకూడదు. ఇవ్వనే కూడదు! ఇస్తే దేశం పాడైపోతుంది.

ఇది ఊరికే నోటికొచ్చి అంటున్న మాట కాదు. నేను నంద్యాలలో బట్టల కొట్టు నడుపుకుంటూ, గిరాకీ లేని మధ్యాహ్నాల్లో దేశం గురించి తీవ్రంగా ఆలోచించే మనిషిని. పైగా ఈ విషయంలో నాకు ఇంటి అనుభవం ఉంది. మా అన్న కూతురు యామిని పైలట్. ఆళ్ళగడ్డలో విగ్రహాలు చెక్కే పనిశాల ఉన్న నిఖిల్‌ని పెళ్ళి చేసుకుని అక్కడే కాపురం ఉంటోంది. ఉద్యోగమేమో హైదరాబాదు ఎయిర్‌పోర్టులో. నాలుగైదు రోజులు ఆకాశంలో తిరిగి, మళ్ళీ ఆళ్ళగడ్డ వచ్చి రాతి పొడి దులుపుకుంటూ ఉంటుంది. కంపెనీ పేరు మాత్రం రాయను. రాస్తే నన్నొక ఊరికి, నా పెట్టెనింకో ఊరికి పంపిస్తారు.

ఆ కంపెనీ ధర్మబుద్ధి చూడండి. హైదరాబాదు నుంచి ఇంకో ఊరికి డ్యూటీ మీద పంపితే యామినికి విమానంలో సీటిస్తుంది, దిగగానే ఏసీ కారు పంపిస్తుంది, మంచి హోటల్లో పడుకోబెడుతుంది. ఆళ్ళగడ్డ నుంచి హైదరాబాదు రావడం మాత్రం ఆమె సొంత వ్యవహారం. ఆళ్ళగడ్డలో కాపురం పెట్టమని మేం చెప్పామా, అంటుంది. నిజమే కదా! పెళ్ళికి ముందే ఎయిర్‌పోర్టు పక్కన శిల్పాలు చెక్కేవాడు దొరుకుతాడేమో వెతుక్కోవాల్సింది.

అసలు ముచ్చట ఇంకోటుంది. డ్యూటీ ఎయిర్‌పోర్టు లోపల అడుగుపెట్టాకే మొదలవుతుంది. అంతకుముందు ఆళ్ళగడ్డ బస్సు, నంద్యాల బస్సు, కర్నూలు బస్సు ఎక్కి దిగిన సమయమంతా కంపెనీ దృష్టిలో విశ్రాంతి. అంటే కడ్డీ పట్టుకుని వేలాడుతూ కూడా మనిషి విశ్రాంతి తీసుకోవచ్చన్నమాట. గుర్రాలు నిలబడే నిద్రపోతాయని విన్నాను. పైలట్లని ఆ స్థాయికి తీసుకెళ్ళడం సామాన్యమైన విషయమా?

బస్సు ప్రయాణంలో ఎన్ని లాభాలో లెక్కపెట్టలేం. మొదటిది, అహంకారం అణగడం. మేఘాల పైన తిరిగేవాళ్ళకి తల కొంచెం పైకి లేస్తుందా లేదా? ఆ తల నంద్యాల బస్టాండులో దిగుతుంది. వెనకాల వందమందికి పైగా కూర్చోబెట్టుకుని విమానం లేపే మనిషిని పట్టుకుని కండక్టరు, "యామ్మో, ఆడ నిలబడితే ఎట్లా, లోపలికి జరుగు" అంటాడు. ఏ మేనేజ్‌మెంటు కాలేజీలో నేర్పుతారండీ ఇలాంటి వినయం?

రెండోది, శిక్షణ. విమానం ఊగితే తట్టుకోవడం నేర్పడానికి కంపెనీలు పెద్దపెద్ద యంత్రాలు కొంటాయి. మన దగ్గర ఉయ్యాలవాడ నుంచి ఆళ్ళగడ్డ వచ్చే ఆటో వెనక సీటు ఉంది. ఒక అంచు మీద కూర్చుని, ఒళ్ళో సొంత బ్యాగు, కాళ్ళ మీద పక్కావిడ శనగల మూట, మెడ దగ్గర ఎవరిదో మోచెయ్యి. యామిని ఒకసారి బంధువులింటికి పోయి ఆ ఆటోలోనే తిరిగొచ్చి, అటునుంచటే డ్యూటీకి పోయింది. ఆ రోజు విమానం బాగా ఊగిందని జనం భయపడ్డారట. ఈమెకి మాత్రం ఏం తేడా తెలియలేదట.

మూడోది, లోకజ్ఞానం. యూనిఫాం, భుజాల మీద గీతలు చూసి బస్సులో ఒక పెద్దాయన ఆమెని చెకింగ్ ఇన్‌స్పెక్టరనుకుని, అడక్కుండానే టికెట్ తీసి చూపించాడు. గాజులమ్మే నజ్మా అని ఒకావిడ, గంప కాళ్ళ మధ్య పెట్టుకుని, ఏం పని చేస్తావమ్మా అని అడిగింది. పైలట్‌నని యామిని చెప్పింది. నజ్మా చాలా గౌరవంగా సర్దుకుని చోటిచ్చి, మా ఆడబిడ్డని కాన్పుకి మీ 108 లోనే తీసకపోయినారు, శానా బాగా నడిపినారు అని మెచ్చుకుంది. అంబులెన్సు నడిపేవాళ్ళనీ పైలట్లనే అంటారు మరి. యామిని కాదనలేదు. ఎందుకు కాదనాలి? ఆ బస్సులో ఆమెకి సీటు దొరికింది ఆ ఒక్కరోజే.

ఇంత లాభముంటే కొందరు పైలట్లు దారి ఖర్చులు కావాలని గోల పెడుతున్నారట. మా యామిని కూడా ఒకసారి బుద్ధి మందగించి అడిగింది. హెచ్ఆర్‌లో సుష్మ అనే ఆవిడ చాలా మర్యాదగా సమాధానం చెప్పింది. మీ రాష్ట్రంలో ఆడవాళ్ళకి బస్సు ఉచితమే కదా, ఇంక ఖర్చెక్కడిది, అని. అయినా రూలంటే రూలు కాబట్టి టికెట్లు జత చేసి పంపమంది. యామిని ఆధార్ కార్డు చూపించి తీసుకున్న జీరో టికెట్లన్నీ పంపింది. కంపెనీ పరిశీలించి, పైవాళ్ళ చేత సంతకం పెట్టించి, సున్నా రూపాయలు మంజూరు చేసింది! తుంగభద్ర దాటాక ఆ ఉచితం చెల్లదు. అవతలి టికెట్ల సంగతేమిటంటే, అవి వేరే రాష్ట్రం కాబట్టి వేరే కమిటీ చూడాలట. చూస్తోంది.

ఇక్కడిదాకా అంతా సవ్యంగానే ఉంది. మధ్యలో వినాయకుడొచ్చి చెడగొట్టాడు.

నిఖిల్ పనిశాల నుంచి విగ్రహాలు దూరదూరాలకి పోతాయి. ఇదే విమాన కంపెనీ సరుకుల విభాగం పెట్టి, బరువు మరీ ఎక్కువ లేని విగ్రహాలని ఇంటి దగ్గర నుంచే తీసుకెళ్తామని ముందుకొచ్చింది. నంద్యాలకి చెందిన ఖాజా పీర్ తన వ్యాను ఆ పనికి పెట్టాడు. వ్యానులో మెత్తటి పరుపు, నాలుగు వైపులా బెల్టులు. మలుపుల దగ్గర నిదానంగా పోవాలని పైనుంచి ఆర్డరు.

కానీ ఆ పనిశాలలో ఒక ఆచారముంది. అక్కడ చెక్కిన విగ్రహాన్ని ఒంటరిగా పంపరు. అప్పజెప్పేదాకా మనవాళ్ళు ఒకరు పక్కన కూర్చోవాలి. విగ్రహం ముఖానికి గుడ్డ కట్టి ఉంటుంది కాబట్టి, బండి ఆగినప్పుడల్లా "ఆగినాం సామీ" అని, కదిలినప్పుడల్లా "పోతాండాం సామీ" అని చెప్పాలి. దారి తెలియకుండా దేవుణ్ణి ఎట్లా తీసకపోతారప్పా అంటాడు అక్కడి పెద్ద శిల్పి మహానందయ్య. తోడు లేకపోతే బండి ఎక్కించనని భీష్మించుకున్నాడు.

కంపెనీ ఒప్పుకుంది! ఒప్పుకోవడమే కాదు, తోడుగా వచ్చే మనిషికి దారి ఖర్చులు, టిఫిను, భోజనం, తిరుగు ప్రయాణం అన్నీ ఇస్తామంది. ఒకే ఒక్క షరతు పెట్టింది. ఆ మనిషి ముందురోజు కంటినిండా నిద్రపోయి ఉండాలి. కునుకు తీస్తే బెల్టు వదులైన సంగతి చూసుకోడు, తొండం విరుగుతుంది. ఎంత ముందుచూపో గమనించారా? తొండానికి ఇంత విలువుందని నాకూ అప్పుడే తెలిసింది.

మామూలుగా తోడు పోయేది పనిశాలలో రాళ్ళకి నునుపు పెట్టే మోషే. మొన్న వానాకాలంలో ఒకసారి బండి వచ్చి నిలబడ్డాక అతనికి జ్వరం తగిలింది. మిగతావాళ్ళంతా పెద్ద పని మీద ఉన్నారు. యామిని అప్పటికే బ్యాగు భుజాన వేసుకుని బస్టాండుకి బయలుదేరుతోంది. మహానందయ్య ఆమెని చూసి, "నువ్వెట్లా ఆడికే పోతాండావు గదమ్మా, సామికి తోడు కూర్చో" అన్నాడు. పోయేవాళ్ళు పోయేచోటికే కదా! ఆయనకి అందులో తప్పేమీ కనబడలేదు. యామినికీ కనబడలేదు, ఖాజా పీర్‌కీ కనబడలేదు.

అలా ఆ పిల్ల వినాయకుడి పక్కన కాళ్ళు చాపుకుని కూర్చుని, ఆగినప్పుడల్లా స్వామికి చెప్పుకుంటూ, కంపెనీ ఖర్చుతో ఇడ్లీ తిని, హాయిగా ఎయిర్‌పోర్టు చేరింది. విగ్రహాన్ని అప్పజెప్పింది. లోపలికెళ్ళి తల దువ్వుకుని, అదే విగ్రహాన్ని ఎక్కించిన విమానాన్ని నడుపుకుంటూ పోయింది. ఉద్యోగంలో చేరాక నడుం నొప్పి లేకుండా డ్యూటీ ఎక్కింది అదే మొదటిసారని నాతో చెప్పినప్పుడు ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. నాకు సంతోషమేసింది. సంతోషం వేసినందుకు సిగ్గు కూడా వేసింది, సిద్ధాంతం సిద్ధాంతమే కాబట్టి.

నేరం దాగుతుందా? తోడు మనిషి పేరు, పైలట్ పేరు ఒకటే అయ్యేసరికి ఆఫీసులో గగ్గోలు పుట్టింది. యామినిని పిలిపించారు. ఆమె త్వరలో కెప్టెన్ కావాల్సి ఉంది. ఏళ్ళ తరబడి ఎదురుచూసిన మాట అది. అంతకుముందు ఒకసారి బస్సు దారిలో ఆగిపోయి ఆలస్యంగా వెళ్ళిన మచ్చ ఒకటి ఎలాగూ ఉంది. ఇంకొకటి పడితే కెప్టెన్ కావడం ఎప్పటికో వాయిదా పడుతుంది. ఆ రోజు ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు.

సుష్మ ఆమెని సూటిగా అడిగిందట, మీరు ఆ రోజు పైలట్‌గా వచ్చారా, తోడుగా వచ్చారా అని.

"తోడుగా వచ్చాను మేడమ్" అంది యామిని. "పైలట్‌కి బండి లేదు కదా."

ఇందులో పొగరేముందో నాకర్థం కాలేదు గానీ, వాళ్ళకి కనబడింది. దయ తలచి హెచ్చరికతో వదిలేశారు. ఇంకోసారి ఆలస్యమైనా, ఇంకోసారి రూలు తప్పినా కెప్టెన్ సంగతి మర్చిపొమ్మన్నారు. కొత్త రూలు కూడా వచ్చింది. విగ్రహాలకి తోడుగా ఎవరైనా రావచ్చు, పైలట్లు తప్ప.

దాంతో యామిని ఇంకా జాగ్రత్త పడింది. ఎందుకైనా మంచిదని ఒక బస్సు ముందే బయలుదేరుతోంది. ఒక బస్సు ముందంటే ఆ మేరకు నిద్ర తక్కువ. సరిగ్గా అలాంటి ఒక రోజే పాణ్యం దగ్గర ఆమె నిలబడ్డ బస్సుని ఖాజా పీర్ వ్యాను దాటుకుని పోయింది. లోపల పరుపు మీద లక్ష్మీదేవి, పక్కన మోషే. యామిని కిటికీలోంచి చెయ్యి ఊపింది. మోషే ఆమె మొహం చూడలేక అమ్మవారి వెనక్కి తల దాచుకున్నాడట. రాత్రి కంటినిండా నిద్రపోయి వచ్చాడు పాపం, ఆ సిగ్గు కూడా ఉండి ఉంటుంది.

ఇవన్నీ చూశాక కూడా నేను నా మాట మీదే నిలబడ్డాను. కొట్టుకి వచ్చిన వాళ్ళకల్లా పైలట్ల బస్సు ప్రయాణం గొప్పదనం వివరించాను. చీర కొనడానికి వచ్చినవాళ్ళు కొనకుండా పోయినా సరే వివరించాను.

అలా ఉండగా నాకు సూరత్ పోవాల్సిన పని పడింది. కొత్త సరుకు చూడాలి, రైల్లో పోయే టైము లేదు. జీవితంలో మొదటిసారి విమానం టికెట్ కొన్నాను. ఆ మాట ఫోన్లో చెబితే యామిని తెగ సంబరపడింది. నేను పోయే రోజు సాయంత్రం ఆ విమానం నడిపేది తనేనట.

ఫోన్ పెట్టేశాను. ఆమె మారే మూడు బస్సులు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. మా ఆవిడ వెంకటలక్ష్మి నా మొహం చూసి ఏమైందని అడిగింది. చెప్పాను. "దేశానికి మంచిదే గదా, పో" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

అన్నం తినకముందే ఖాజా పీర్‌కి ఫోన్ చేశాను. వ్యాను కాదు, మీ తమ్ముడు నౌషాద్ కారు కావాలి, మంచి సీట్లున్నది, ఏసీ పనిచేసేది, నడిపేది నువ్వే అన్నాను. ప్రయాణం రోజు పొద్దున నేనే ఆళ్ళగడ్డ దాకా పోయి పనిశాల ముందు కారు ఆపించాను. యామిని బ్యాగు పట్టుకుని వాకిట్లో నిలబడి నన్ను ఎగాదిగా చూసింది.

"ఏందీ చిన్నాయనా, దారి ఖర్చులు ఇస్తే దేశం పాడైపోతాదంటివి గదా?"

"దేశం సంగతి రేపు చూసుకుందాం. నువ్వెక్కు" అన్నాను.

శిరివెళ్ళ దాటకముందే ఆ పిల్ల తల సీటుకి ఆనించి నిద్రపోయింది. ఎంత నిద్ర బాకీ ఉందో! నంద్యాలలో గేదెలు అడ్డమొస్తే ఖాజా పీర్ హారన్ మీద చెయ్యి వేయబోయాడు. నేను ఆ చెయ్యి పట్టుకుని ఆపి, కారు దిగి గేదెల్ని నేనే తోలాను. నాకు దగ్గొస్తే కండువా నోట్లో కుక్కుకున్నాను. టీకి ఆగుదామని ఖాజా పీర్ సైగ చేస్తే వద్దన్నాను. కర్నూలు పోయింది, జడ్చర్ల పోయింది, ఆమె కళ్ళు తెరవలేదు. ఆ మొహం చూస్తుంటే నాకు దుఃఖం వచ్చింది, దాచుకోను. ఎన్ని రోజులు ఈ నిద్ర లేకుండా ఎంతమందిని మోసిందో కదా.

ఎయిర్‌పోర్టులో లేచి, తేటగా నవ్వి, లోపలికి పోయింది. తర్వాత విమానంలో ఆమె గొంతు వినబడింది. సూరత్‌లో విమానం నేల తాకిన సంగతి నా పక్కసీటాయన చెప్తే గానీ నాకు తెలియలేదు. ఆయన పేరు ఓంప్రకాష్, వ్యాపారం మీద వారం వారం ఈ విమానం ఎక్కుతాడట. ఎంత చక్కగా దింపారండీ అని మెచ్చుకున్నాడు.

గర్వం ఆపుకోలేకపోయాను. నడిపింది మా పిల్లేనని, మామూలుగా మూడు బస్సులు మారి నిలబడి వస్తుందని, ఈ రోజు మాత్రం నేను కారు పెట్టి నిద్రపుచ్చి తీసుకొచ్చానని చెప్పాను.

ఆయన మొహంలో నవ్వు పోయింది. చాలా మెల్లగా అడిగాడు.

"మళ్ళీ గురువారం నేనిదే ఫ్లైట్ ఎక్కాలి. ఆ రోజు కూడా మీరే కారు పెడతారా?"

అడగాల్సింది నన్ను కాదండీ, మీకు టికెట్ అమ్మినవాళ్ళని అన్నాను. విమానం అప్పటికే ఆగిపోయింది, జనం లేచి పెట్టెలు దించుకుంటున్నారు. ఓంప్రకాష్ మాత్రం ఊడదీసిన సీటు బెల్టు మళ్ళీ పెట్టుకున్నాడు.