పులిగారి మెడ వంచిన దయ్యాల పార్టీ

ఒక పెద్ద అడవిలో ఒక ఆఫీసు ఉండేది. అడవిలో ఆఫీసు ఎందుకని అడగకండి. చోటు కాస్త పెద్దదైతే చాలు, ఎక్కడైనా ఒకటి మొలుస్తుంది. ఈ మొలిచినదాని పేరు నీటి మడుగుల శాఖ. ఏ జంతువు ఏ మడుగులో ఏ పూట నీళ్ళు తాగాలో ఆ శాఖ నిర్ణయిస్తుంది. అంతకుముందు ఎవరికి దాహం వేస్తే వాళ్ళు వెళ్ళి తాగేవారట. పాపం, తెలియని రోజులు.

శాఖకు అధికారి పెద్దపులి వ్యాఘ్రమూర్తి గారు. అక్కడ కాగితాలూ సంతకాలూ ఉండవు. ఎవరికేం కావాలన్నా అధికారి బండ ముందు నిలబడి అడగాలి. ఆయన తల కిందికి ఊపితే మంజూరైనట్టు. ఊపకపోతే కానట్టు. సులభమైన పద్ధతే. చిక్కల్లా ఆయన మెడతోనే వచ్చింది. అది కిందికి వంగేది కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకసారి వంగిందని ముసలి తాబేలు చెబుతుంది గానీ, అప్పుడు ముక్కుమీద ఈగ వాలిందని తెలిసినవాళ్ళు అంటారు.

ఆ మెడ వంగాలని అందరికంటే ఎక్కువగా మొక్కుకున్నది చుక్కల దుప్పి చుక్కమ్మ. ఆమెకు పడమటి మడుగు దగ్గర ఉద్యోగం. వంతులు పిలవడం ఆమె పని. పిల్లేమో వాగు అవతల తూర్పు మడుగు దగ్గర పిన్ని పంచన పెరుగుతోంది. తూర్పుకు బదిలీ ఇప్పించమని చుక్కమ్మ అడగని వారం లేదు. పులిగారు వినేవారు, ఆవలించేవారు, మెడ మాత్రం కదిలేది కాదు. మొన్న సెలవు దొరికి వెళితే పిల్ల ఆమెను చూసి పొద చాటుకు పోయింది. తల్లి వాసన మరిచిపోయింది. వాగు దాటి వెనక్కి వస్తూ చుక్కమ్మ ఏడ్చింది. మరునాడు మామూలుగా వంతులు పిలిచింది. ఉద్యోగం కదా.

మెడ మీద కన్నేసినవాడు ఇంకొకడున్నాడు. గుంటనక్క నరసింగం. ఆఫీసులో ఉపాధికారి స్థానం చాలాకాలంగా ఖాళీగా ఉంది. ఆ కుర్చీ తనదేనని నరసింగం అనుకున్నాడు. ఇంటికెళ్ళి భార్యకు చెప్పాడు. పక్క బొరియలకూ చెప్పాడు. పులిగారి మెడకు చెప్పడమే మిగిలింది.

వానలు వెనకపట్టు పట్టి చలి మొదలవుతున్న రోజుల్లో కోతి కొమ్మయ్య ఒక కబురు మోసుకొచ్చాడు. అడవి అంచున ఎత్తైన అపార్ట్‌మెంట్లు కట్టారు. కొమ్మయ్య అక్కడ బాల్కనీల్లో అరటిపళ్ళ సేకరణకు వెళుతుంటాడు. ముందురోజు రాత్రి క్లబ్‌హౌస్ కిటికీలోంచి చూశాడట. మనుషులు దయ్యాల వేషాలు వేసుకుని ఏదో పండుగ చేసుకుంటున్నారట. దాన్ని హాలోవీన్ అంటారట. గుమ్మడికాయకు కళ్ళూ నోరూ చెక్కి లోపల దీపం పెట్టారట.

"అది దిష్టి గుమ్మడికాయే కదా, అందులో వింతేముంది?" అన్నాడు ఎలుగుబంటి పుల్లయ్య.

"కాదు మావా, ఇది దిష్టి పోవడానికి కాదు. దాని పక్కన నిలబడి ఫోటోలు దిగుతారు," అన్నాడు కొమ్మయ్య.

ఆటలు ఆడారని కూడా చెప్పాడు. తొట్టిలో పళ్ళు తేలేసి, చేతులు వెనక్కి కట్టుకుని నోటితో అందుకోవడం ఒకటి. ఒకణ్ణి నిలబెట్టి, స్నానాలగదిలో వాడే తెల్లకాగితం చుట్టలతో నిలువెల్లా శవంలా చుట్టడం ఇంకొకటి. ఆ శవం నోరు మెదిపితే ఓడిపోయినట్టు. ఇవన్నీ పిల్లలు ఆడుతున్నారేమోనని చూస్తే, పిల్లల్ని నిద్రపుచ్చి వచ్చిన పెద్దవాళ్ళట. ఉద్యోగాలు చేసుకునేవాళ్ళే.

అందరూ నవ్వారు. నరసింగం నవ్వలేదు. శవాన్ని చుట్టే ఆట గురించి మళ్ళీ మొదటినుంచి చెప్పమన్నాడు.

మరునాడే అతను పులిగారి దగ్గరకు వెళ్ళి, సిబ్బందిలో కలివిడితనం తగ్గిందని, నగరాల్లో పెద్ద పెద్ద ఆఫీసుల వాళ్ళు దయ్యాల పార్టీలు చేసి దాన్ని పెంచుకుంటున్నారని విన్నవించాడు. ఆటలన్నిట్లో తమరే గెలుస్తారని చివర్లో చిన్నగా అన్నాడు. పులిగారు మెడ ఊపలేదు గానీ మీసం ఊపారు. పార్టీకి అది చాలు.

సాయంత్రం వేళ పార్టీ అని చాటింపు వేశారు. ఇష్టమున్నవాళ్ళే రావచ్చు, రానివాళ్ళు ఎందుకు ఇష్టం లేదో అధికారికి స్వయంగా వివరించాలి. అడవంతా ఇష్టపడింది.

అందరూ భయపెట్టే వేషాల్లో రావాలన్నారు. అధికారికంటే ఎక్కువ భయపెట్టేలా ఎవరొస్తారు? పుల్లయ్య ఒళ్ళంతా మోదుగాకులు అంటించుకుని తాను పొదనన్నాడు. కుందేళ్ళు చెవులు దించుకుని ఇంకాస్త చిన్న కుందేళ్ళుగా వచ్చాయి. చుక్కమ్మ మెడలో రెండు ఎండుకొమ్మలు వేసుకుని ఒక మూల నిలబడింది. పులిగారు ఏ వేషమూ లేకుండా వచ్చారు. భయానక వేషానికి మొదటి బహుమతి ఆయనకే దక్కింది.

తరవాత తొట్టి ఆట. జామకాయలు తేలేశారు. పులిగారు మూతి ముంచారు, మీసాలు తడుపుకున్నారు, తుమ్మారు. ఒక్క కాయా దొరకలేదు. ఆ జాతివారికి జామకాయ మీద అంత పట్టుదల ఉండదు. మిగతావాళ్ళు మూతులు ముంచి, కళ్ళ ముందు తేలుతున్న కాయను కూడా అందుకోలేక అవస్థ పడ్డారు. పుల్లయ్యకు మాత్రం రుచి ముందు లోకజ్ఞానం నిలవదు. గబుక్కున ఒక కాయ కరిచాడు. అందరూ అతనివైపు చూశారు. పాపం, మెల్లగా తీసి మళ్ళీ నీళ్ళలో వదిలాడు. మూతి అందరికంటే లోతుగా ముంచినందుకు పులిగారే గెలిచినట్టు నరసింగం ప్రకటించాడు.

ఇక మిగిలింది శవం ఆట. ఈ ఆటలో గెలుపు చుట్టేవాడిది కాదు, నోరు మెదపకుండా ఉన్న శవానిదని నరసింగం నియమం చెప్పాడు. అంటే పులిగారే శవం కావాలి. ఆయన ఠీవిగా వచ్చి చెట్టుకు ఆనుకుని కూర్చున్నారు.

నరసింగం తిప్పతీగ తెచ్చి చుట్టడం మొదలుపెట్టాడు. కాళ్ళు, పొట్ట, భుజాలు. కళ్ళకు ఆకులు కప్పి కట్టాడు. ఒక తీగను మాత్రం నుదుటిమీదుగా తిప్పి, ముందుకాళ్ళ మధ్యనుంచి కిందికి తీసి, కొస తన పంజా కింద పెట్టుకున్నాడు. దాన్ని లాగితే తల కిందికి వస్తుంది. వదిలితే మెడ తన పాత బిగువుతో మళ్ళీ లేస్తుంది.

అప్పుడు అందరికీ వినబడేలా గొంతు సవరించుకున్నాడు. "అయ్యగారూ, ఖాళీగా ఉన్న ఉపాధికారి స్థానం ఈ నరసింగానికి దయచేయమని మనవి."

తీగ లాగాడు. తల ఊగింది.

వ్యాఘ్రమూర్తి గారి మెడ వంగింది. అక్కడున్నవాళ్ళంతా తమ కళ్ళతో చూశారు. లోపల పులిగారికి ఒళ్ళు మండిపోయింది. ఒక్క గర్జన చాలు, నక్క వాగు అవతల పడేవాడు. కానీ గర్జిస్తే శవం నోరు మెదిపినట్టు. మెదిపితే ఓడినట్టు. ఆయన ఇంతవరకూ దేంట్లోనూ ఓడలేదు. పళ్ళు బిగించి ఊరుకున్నారు.

నరసింగం వంగి వంగి దణ్ణాలు పెట్టాడు. ఆ వంగడంలో పంజా కాస్త పక్కకు జరిగింది. పుల్లయ్య మందమతే గానీ గుడ్డివాడు కాదు. వచ్చి తీగ కొస మీద తాపీగా కాలు వేశాడు.

"అయ్యగారూ, నాకు తేనెపట్ల కాలమంతా సెలవు కావాలి," అని కాలు వెనక్కి లాగాడు.

తల ఊగింది.

నరసింగం ఏమంటాడు? ఆ తీగ నాది, ముట్టుకోవద్దు అంటే తనకైన మంజూరు సంగతి ఏమవుతుంది? పళ్ళికిలించి, సెలవు మంజూరైనందుకు పుల్లయ్యను అభినందించాడు.

ఇక చెప్పేదేముంది. ఆఫీసువాళ్ళు కదా, ఎవరూ చెప్పకుండానే వరుసలో నిలబడ్డారు. కొమ్మయ్య అపార్ట్‌మెంట్ల వైపు శాశ్వత క్యాంపు అడిగాడు. తల ఊగింది. కుందేళ్ళు చీకటి పడ్డాక డ్యూటీ వద్దన్నాయి. ఊగింది. అడవిపంది బురద భత్యం అడిగింది. తాబేలు ఆలస్యంగా వచ్చినా వచ్చినట్టే లెక్కించమంది. ప్రతివాళ్ళూ మర్యాదగా అడుగుతున్నారు, మర్యాదగా తీగ లాగుతున్నారు, పక్కకు తప్పుకుని తరవాతివాళ్ళకు చోటిస్తున్నారు. ఆ శాఖలో అంత చురుగ్గా పని జరగడం నేను అంతకుముందు వినలేదు, ఆ తరవాతా వినలేదు.

చుక్కమ్మ వరుస చివర నిలబడింది. ఇది మోసం కదా అని ఆమె మనసు పీకింది. పొద చాటుకు పోయిన పిల్ల గుర్తొచ్చి కాళ్ళు ముందుకు నడిచాయి. సరిగ్గా ఆమె వంతుకు, ముందున్న అడవిదున్న తన బలం తెలియక లాగిన లాగుడికి తీగ పుటుక్కున తెగింది.

నరసింగం హమ్మయ్య అనుకున్నాడు. ఆట అయిపోయిందని, ఇక కట్లు విప్పుదామని అన్నాడు.

చుక్కమ్మ కదల్లేదు. లాగడానికి ఏమీ లేదు. అయినా అడిగింది. అడగడం ఆమెకు ఎటూ అలవాటే.

"అయ్యగారూ, నా బిడ్డ నన్ను మరిచిపోతోంది. తూర్పు మడుక్కి పంపండి."

పులిగారి తల కాసేపు అలాగే ఉంది. తరవాత, ఎవరూ ముట్టుకోకుండానే, కిందికి వంగింది. వరసగా అంతసేపు ఊగి ఊగి మెడ పట్టు సడలింది మరి. ఒకసారి సడలాక, వద్దని బిగదీసుకోవడమే కష్టంగా ఉంటుంది. ఏళ్ళ తరబడి పట్టేసి ఉన్న మెడకు ఆ వంగడంలో ఎంతో హాయిగా ఉందని పులిగారికి అప్పుడే తెలిసింది. ఆ హాయిలో ఇంకోసారి కూడా వంచారు.

కట్లు విప్పారు. పులిగారు మొదట అడిగిన మాట, గెలిచిందెవరని. తమరేనన్నారు. అప్పుడు నరసింగం ఆయన చెవి దగ్గర చేరి, మొదటిసారి తల ఊపడం మాత్రం ఉత్తర్వని, మిగతావన్నీ సరదాకి ఆడిన ఆటలో భాగమని, వాటిని రద్దు చేస్తే ఆఫీసు నిలబడుతుందని నసిగాడు. దుప్పి చెవులు కదా, అది చుక్కమ్మకు కూడా వినబడింది.

పులిగారు ఆలోచించారు. రద్దు చేయాలంటే, నా తల నేను ఊపలేదు, తీగ కట్టి ఎవడో ఊపాడని నలుగురిలో చెప్పాలి. పందిచేత, తాబేలుచేత తల ఊపించుకున్న అధికారి అని రేపు చెరువులో కప్పలు కూడా పాడతాయి. ఆయన లేచి నిలబడి మీసం దువ్వుకున్నారు.

"నా తల నేను తప్ప ఎవడూ ఊపలేడు. ఊపినవన్నీ బాగా ఆలోచించే ఊపాను. అన్నీ రేపటినుంచి అమలు. అమలు బాధ్యత కొత్త ఉపాధికారిది."

చుక్కమ్మ రేపటిదాకా ఆగలేదు. పెద్దవాళ్ళ మాట పొద్దున్నకి ఏమవుతుందో ఆమెకు తెలుసు. వెలుగుండగానే వాగు దాటింది. తూర్పు మడుగు దగ్గర పిల్ల ఆమెను చూసి ఎప్పటిలాగే పొద చాటుకు పోయింది. చుక్కమ్మ పిలవలేదు, వెంటపడలేదు. ఈసారి ఆమెకు తొందర లేదు. గట్టున చేరి నెమరువేస్తూ కూర్చుంది. కొంతసేపటికి పిల్లే వచ్చి, దూరంనుంచి వాసన చూసి, దగ్గరకొచ్చి చూసి, ఆమె పక్కన ఒదిగి పడుకుంది. నాకైతే ఈ కథలో ఇదొక్కటే కావలసింది. కానీ కథ నక్కది కూడా.

తెల్లవారి నరసింగం కొత్త కుర్చీలో కూర్చుని సిబ్బందిని పిలిచాడు. ఎవరూ పలకలేదు. పుల్లయ్య తేనెకు పోయాడు. కొమ్మయ్య క్యాంపుకు పోయాడు. తాబేలు వస్తోంది, ఎప్పటికి చేరుతుందో అడిగే హక్కు ఎవరికీ లేదు. మడుగు దగ్గర జంతువులు దాహంతో తోసుకుంటున్నాయి. లోపల పులిగారు, మెడ ఊపడంలోని సుఖం మరిగి, అడిగినవాళ్ళకల్లా ఊపుతూ, అమలుకు బయటికి పంపుతున్నారు.

మధ్యాహ్నానికి నరసింగం పడమటి మడుగులో మోకాలిలోతు నీళ్ళలో నిలబడి వంతులు పిలుస్తున్నాడు. సాయంత్రానికి గొంతు పోయింది. ఇంటికెళితే భార్య ఎదురొచ్చి, ఉపాధికారిగారికి పని అంతా కిందివాళ్ళే చేసిపెడతారట కదా అని మురిసిపోతూ అడిగింది. అతను వెళ్ళి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

నీతి: కష్టపడి పనిచేస్తే ప్రమోషన్ రాదు గానీ, ప్రమోషన్ వస్తే మాత్రం కష్టపడి పనిచేయక తప్పదు.