సీసాలకు ఎండదెబ్బ తగలకుండా

తూంకుంట విల్లాల్లో హర్షగారి ఇంటి నేలమాళిగలో నిర్మించిన వైన్ గదికి తగిన శీతలీకరణ యంత్రాన్ని ఎంపిక చేసే నిమిత్తం ఆదివారం ఉదయం ఉన్నతస్థాయి సమావేశం జరిగింది. ఈ మండుటెండల్లో సీసాలు పడబోయే అవస్థ తలచుకుని సభ్యులందరూ చలించిపోయారు. సీసాలు ఇంకా కొనలేదు. అది వేరే సంగతి.

ప్లాట్లు అమ్మి పైకొచ్చిన హర్షగారు అధ్యక్షత వహించారు. మొన్నటిదాకా ఆయనకు బీరు తప్ప మరొకటి తెలియదు. ఎదురు విల్లావారు వైన్ గది కట్టించగానే అభిరుచి కలిగింది. సతీమణి అశ్రితగారు, వాస్తు పండితులు గౌరయ్యగారు, యంత్రాల వ్యాపారి ఉబేద్ సభ్యులు. టీ పళ్లెం పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డ కెజియాను ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. ఆమె వాచ్‌మన్ యాకోబు రెండో కూతురు. నలుగురిలో నోరు విప్పే అలవాటు లేని పిల్ల.

"మామూలు ఏసీ సరిపోదా భాయ్?" అన్నారు హర్షగారు.

"తోబా తోబా! ఏసీ మనుషులకు సార్. మనుషులు ఎట్లయినా బతుకుతరు. వైన్‌కు ఎండల, వానల ఒక్కతీరు సల్లదనం ఉండాలె. గాలిల తేమ ఉండాలె, లేకుంటే బిరడా ఎండిపోతది. సప్పుడు గావద్దు, కదిలియ్యొద్దు. పచ్చి బాలింతను జూసుకున్నట్టు జూసుకోవాలె."

కెజియాకు ఈ పోలిక బాగా అర్థమైంది. వాళ్ల రేకుల గదిలో ఒక పచ్చి బాలింత ఉంది. అక్క రేచల్ పురిటికి వచ్చి, నెల తిరగని పాపతో ఆ గదిలోనే పడుకుంటోంది. తల్లి కృపమ్మ తడిగుడ్డలు పిండి కిటికీకి వేలాడదీస్తూ ఉంటుంది.

ఎంత చల్లదనం ఉండాలన్న ప్రశ్న వచ్చింది. సభలో వైన్ రుచి ఎరిగినవారు లేరు. తెల్లచొక్కా తొడుక్కుని, బైబిలు చంకన పెట్టుకుని చర్చికి బయల్దేరిన యాకోబును నిపుణుడి హోదాలో లోపలికి పిలిపించారు.

"యాకోబూ, మీరు చర్చిల వైన్ తాగుతరు గదా? ఎంత సల్లగ పెడ్తరు?"

"వైన్ యాడిది సార్! పాస్టరమ్మ నల్లద్రాక్ష ఉడకబెట్టి, వడగట్టి, స్టీలు క్యాన్ల తెస్తది. తలా ఇంత గుటుకు."

"అంటే క్యాన్ల పెట్టి తెస్తరు, సల్లగ జెయ్యరు," అని హర్షగారు గంభీరంగా తల పంకించారు. "ఫ్రెంచోళ్లు గూడ గట్లనే అంటరు."

అనుభవజ్ఞుడి అభిప్రాయాన్ని సాదరంగా స్వీకరించి, దానికి విరుద్ధంగా పదమూడు డిగ్రీలు ఖాయం చేశారు.

ఇక మిగిలింది చిన్న విషయం. లోపల చల్లబరిచే యంత్రం ఆ వేడినంతా బయట ఎక్కడో ఒకచోట ఊదాలి. పక్క గదిలోకి వదిలితే హోమ్ థియేటర్ సోఫాలు వేడెక్కుతాయని అశ్రితగారు అభ్యంతరం తెలిపారు. ముందు గోడకు పెడితే ఇంటి అందం పోతుంది. వెనకవైపు జవహర్‌నగర్ చెత్త డంపు వాసన కొడుతుంది. ఆ గాలి మనుషులకు అలవాటైపోతుంది గానీ యంత్రం సున్నితమైనది. చివరికి గౌరయ్యగారు కళ్లు మూసుకుని వాయువ్యం సూచించారు. వాయువ్యంలో ఉన్నది వాచ్‌మన్ గది. యంత్రం దాని కిటికీకి ఎదురుగా కూర్చుంటుంది. తీర్మానం ఏకగ్రీవమయ్యేదే.

టీ పళ్లెం గుమ్మం పక్కన నేలమీదికి దిగింది.

"సార్," అంది కెజియా. ఆ ఇంట్లో ఆమె గొంతు వినడం అందరికీ అదే మొదలు. "గా కిటికీ కిందనే మా అక్క పండుకుంటది. పాప ఉయ్యాల గూడ ఆడనే ఉన్నది. వేడి మొత్తం పాపకే గొడ్తది."

అశ్రితగారి కళ్లు చెమర్చాయి. "అయ్యో, చంటిపిల్లా! నాకెవరూ చెప్పలేదే!" హర్షగారు సైతం కదిలిపోయారు. ఉబేద్ వైపు ఒంగి మెల్లగా అడిగారు.

"భాయ్, పిల్ల ఏడిస్తే సీసాలకు ఏమన్న అయితదా?"

ఉబేద్ యంత్రం క్యాటలాగు తిరగేసి చూశాడు. "సప్పుడు మంచిది గాదు సార్. అడుగున మడ్డి కదుల్తది."

హర్షగారు లేచి నిలబడి ప్రసంగించారు. "మనం ముందు మనుషులం. మానవత్వం మరువరాదు. పసిపాప ఉన్న గదికి ఎదురుగ ఆ యంత్రం నేను ఛస్తే పెట్టనియ్య. వాళ్లు ఖాళీ జేసినంకనే పెడ్దాం." చప్పట్లు మోగాయి. "యాకోబూ, బిడ్డను అత్తగారింటికి తోలియ్యి."

"మూడో నెల రాకముందే బాలింతను ఎట్ల తోలాలె సార్? లోకం ఏమంటది?"

"అయితే అందరు కలిసి పోండ్రి. నేనేమన్న బలవంతం జేస్తున్ననా?"

సాయంత్రానికి సామాను ట్రాలీ ఆటో ఎక్కింది. సూరారంలో కృపమ్మ తమ్ముడు స్టీఫెన్ తన ఇంట్లో ఒక మూల చూపించాడు. పాపను ఒళ్లో పెట్టుకున్న కెజియా దారంతా తల ఎత్తలేదు.

"నా నోటిమీద కొట్టాలె, నాయినా. ఉన్న గది బాయె."

"ఊకో బిడ్డా. నువ్వు అడగకుంటే గా మిషన్ కింద పాప మాడిపోతుండె," అన్నాడు యాకోబు. పాప పైన కొంగు సరిచేస్తూ కృపమ్మ మాత్రం, "ఇన్నేండ్లు మూగదానోలె ఉంటివి. మాట్లాడక మాట్లాడక మస్తు మాట్లాడితివి పో," అంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు.

యంత్రం దివ్యంగా పనిచేస్తోంది. అతిథులు శాలువాలు కప్పుకుని ఖాళీ అరలను దర్శించి వస్తున్నారు. కాలనీ వాట్సాప్ గ్రూపులో ప్రకటన కూడా వెలువడింది: 'వాచ్‌మన్ కావలెను. దంపతులకు ప్రాధాన్యం. చంటిపిల్లలు ఉండరాదు. వేడిని తట్టుకోగలగాలి. మద్యం వాసన కూడా గిట్టనివాడై ఉండాలి.'

అలాంటివాళ్లు దొరక్కపోరు. మనందరి ఇళ్ల దగ్గరా ఉన్నారు. కాకపోతే అంత మంచివాళ్లను మనం మాత్రం ఎందుకు వదులుకుంటాం?